ముద్ర కలవలేదు

అనగనగా ఒక గరుకు రాళ్ళ అడవి ఉండేది పిల్లలూ. ముందే చెప్తున్నాను, ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కోపం మీ మీద కాదు. కాబట్టి భయపడకుండా దగ్గరికి జరిగి వినండి.

ఆ అడవిలో ఎండాకాలం చాలా చెడ్డది. ఆకులు రాలిపోతాయి. వాగు ఎండిపోతుంది. నేల బిగుసుకుపోయి గోరు కూడా దిగదు. అందుకే జంతువులన్నీ వానాకాలం నుంచే తిండి దాచుకునేవి. ఎవరి బొరియలో వాళ్ళు, ఎవరి తొర్రలో వాళ్ళు. కానీ బొరియల్లోకి నీళ్ళు వచ్చేవి. తొర్రల్లో చీమలు పట్టేవి. దాచిన దాంట్లో సగం పాడైపోయేది.

అడవి నడుమ, కొండ కింద ఒక గుహ ఉంది. లోపల చల్లగా, పొడిగా ఉంటుంది. అందులో పెట్టిన గడ్డ కుళ్ళదు. ఎండబెట్టిన పువ్వు బూజు పట్టదు. ఒకరోజు జంతువులన్నీ ఆ గుహ ముందు కూర్చుని మాట్లాడుకున్నాయి.

"అందరి తిండీ ఇందులోనే పెడదాం. ఎవరి గూడు వాళ్ళకి ఉంటుంది. కావలసినప్పుడు వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకుందాం" అనుకున్నాయి.

మంచి ఆలోచనే. ఈ కథలో గుహ తప్పు ఏమీ లేదు.

గుహకి కాపలా కావాలి కదా. ఉడుముని పెట్టారు. అతని పేరు గట్టయ్య. గుహ నోటికి అడ్డంగా పడుకుని రాతిని పట్టుకున్నాడంటే ఇక ఎవరు లాగినా కదిలేవాడు కాదు. ఉడుం పట్టు అంటే తెలుసుగా మీకు. కాపలాకి అంతకంటే గట్టివాడు దొరకడు. కానీ గట్టయ్యకి ఒక అలవాటు ఉంది. ఎండ పొడ కళ్ళలో పడుతుందని ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండేవాడు. వచ్చిందెవరో చూసేవాడు కాదు. అడిగేవాడు, అంతే.

మొదట్లో ఒక్కొక్కరికీ ఒక్కో మాట ఇచ్చారు. వచ్చిన వాళ్ళు తమ మాట చెప్పాలి. మాట సరిపోతే గట్టయ్య తోక జరిపి దారి ఇస్తాడు.

కుందేలు వచ్చి అతని చెవి దగ్గర గుసగుసగా తన మాట చెప్పింది.

"వినపడలేదు. గట్టిగా చెప్పు" అన్నాడు గట్టయ్య.

కుందేలు కొంచెం గట్టిగా చెప్పింది.

"ఇంకా గట్టిగా."

పాపం కుందేలు గొంతు చించుకుని "గరికపోచ" అని అరిచింది. వెనక వరసలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. నక్క కూడా విన్నది. మర్నాడు నక్క వచ్చి "గరికపోచ" అంది. మాట సరిపోయింది. గట్టయ్య కళ్ళు తెరవలేదు. కుందేలు గూడు ఖాళీ అయిపోయింది.

కుందేలు ఏడుస్తూ వస్తే గట్టయ్య ఏమన్నాడో తెలుసా? "నీ మాట వచ్చింది. నీ మాట వచ్చిందంటే నువ్వే వచ్చినట్టు. నువ్వే తీసుకుని మర్చిపోయి ఉంటావు" అన్నాడు. సొమ్ము పోగొట్టుకున్న దాన్నే పట్టుకుని అబద్ధాలకోరును చేశాడు.

అందుకని మాట తీసేసి కాయ పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో గచ్చకాయ ఇచ్చారు. ఎవరి కాయ మీద వాళ్ళ గీత ఉంటుంది. కాయ చూపిస్తే గట్టయ్య నాలుకతో తడిమి, గీత సరిగ్గా ఉందని తెలుసుకుని దారి ఇస్తాడు. కోతి తన కాయని బుగ్గలో పెట్టుకుని తిరిగేది. ఒక మధ్యాహ్నం కొమ్మ మీద కునుకు తీస్తుంటే నోరు తెరుచుకుని కాయ కింద పడింది. కింద నక్క ఉంది. ఇంక చెప్పేదేముంది? సాయంత్రానికి కోతి దాచుకున్న తునికిపళ్ళన్నీ నక్క కడుపులో ఉన్నాయి.

"కాయ వచ్చింది. కాయ వచ్చిందంటే నువ్వే వచ్చినట్టు" అన్నాడు గట్టయ్య.

మళ్ళీ సమావేశం పెట్టారు. ఈసారి అందరికంటే ముందు లేచి మాట్లాడింది ఎవరో చెప్పండి చూద్దాం. నక్కే. ఆ తిండి తిన్నది అదేనని అప్పటికి ఎవరికీ తెలియదు మరి.

"అన్నలూ, అక్కలూ. మాటని వినేయొచ్చు. కాయని కాజేయొచ్చు. కానీ కాలిని ఎవరైనా ఎత్తుకుపోగలరా? మెత్తటి మట్టితో పలక చేద్దాం. దాని మీద అందరం పాదం వత్తుదాం. మట్టి ఆరాక ముద్ర రాయిలా నిలిచిపోతుంది. గుహకి వచ్చినప్పుడల్లా ఆ ముద్రలో పాదం పెట్టి చూపించాలి. ఇమిడితే లోపలికి, లేకపోతే ఇంటికి" అంది నక్క.

అందరూ శభాష్ అన్నారు. ఎలుగుబంటి, అతని పేరు ఎలుగన్న, పెద్ద గొంతుతో "ఇదే సరైన పద్ధతి" అన్నాడు. కుందేలు చెవులు ఊపింది. కోతి చప్పట్లు కొట్టింది.

నక్క చల్లగా ఇంకో మాట కూడా అంది. "లోపల ఊడ్చి శుభ్రం చేయడానికి ఎవరైనా ఉండాలి కదా. ఆ పని నేను చేస్తాను. జీతం ఏమీ వద్దు. అమావాస్య నుంచి అమావాస్య దాకా ఎవరైనా తమ గూటికి రాకపోతే, ఆ సరుకు దిక్కులేనిదని లెక్క. అది మాత్రం నాకు వదిలేయండి."

ఎవరూ ఆలోచించలేదు. తమ గూటికి తాము రాకుండా ఎందుకుంటాం అనుకుని తలలు ఊపేశారు. ఏ మాటకైనా ఇలా తల ఊపే వాళ్ళని చూస్తే నాకు నక్క మీద కంటే ఎక్కువ కోపం వస్తుంది.

వాన పడి మట్టి మెత్తబడ్డ రోజు చూసి అందరూ పలక మీద పాదాలు వత్తారు. అందులో సూదమ్మ కూడా ఉంది.

సూదమ్మ ఒక ఏదుపంది. ఒంటి నిండా ముళ్ళు, మాట మాత్రం మెత్తన. ఆమెకి ముగ్గురు పిల్లలు. మగడిని వేటగాళ్ళు తీసుకుపోయారు. కొండ వాలులో, రాళ్ళ మధ్య తవ్వి గడ్డలు తీయడం ఆమె పని. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది, సూదమ్మ తవ్వుతూనే ఉంది. తెల్లారగానే పోయి తవ్వేది. తీసిన ప్రతి గడ్డా తెచ్చి గుహలో తన గూటిలో పేర్చేది. పెట్టడానికి ముద్ర అక్కర్లేదు. తీసుకోవడానికే ముద్ర. పెట్టేవాళ్ళని ఎవరూ ఆపరు, గమనించారా?

ఎండాకాలం వచ్చేసరికి సూదమ్మ గూడు నిండింది. అంత నిండిన గూడు గుహలో ఇంకొకటి లేదు. ఆమె పాదాలు మాత్రం అరిగిపోయాయి. మడమల దగ్గర పగుళ్ళు. వేళ్ళ కింద మెత్తటి కండ ఉండాల్సిన చోట గట్టి కాయలు. రెండు గోళ్ళు మొదలంటా ఊడిపోయాయి. ఇక తవ్వడానికి చేతకాదు. తవ్వక్కర్లేదు కూడా, గూడు నిండింది కదా అనుకుంది.

పిల్లలు ఆకలి అన్నారు. సూదమ్మ గుహకి వచ్చింది.

"ఏమమ్మా సూదమ్మా, పిల్లలు బాగున్నారా?" అన్నాడు గట్టయ్య. అడుగుల చప్పుడు విని, ముళ్ళు ఒకదానికొకటి తగిలే గలగల విని గుర్తుపట్టాడు.

"ఆకలిగా ఉన్నారు గట్టయ్య మామా. కాసిని గడ్డలు తీసుకుపోదామని వచ్చాను."

"పాదం పెట్టమ్మా."

సూదమ్మ పలక మీద తన ముద్రలో పాదం పెట్టింది. గట్టయ్య నాలుక చాపి అంచులన్నీ తడిమాడు. ముద్రలో గోరు ఉన్నచోట పాదానికి గోరు లేదు. ముద్ర నున్నగా ఉన్నచోట పాదం ఎగుడుదిగుడుగా ఉంది.

"ముద్ర కలవలేదు" అన్నాడు.

"తవ్వి తవ్వి అరిగిపోయింది మామా. పాదం నాదే."

"కలవలేదమ్మా."

"నేను సూదమ్మనే కదా. ఇప్పుడే పేరు పెట్టి పలకరించావు కదా."

"నువ్వు సూదమ్మవేనని నాకు తెలుసు. కానీ పలకకి తెలియాలి కదమ్మా. వాగులో తడి ఉన్నచోట పాదం నానబెట్టి రేపు రా" అన్నాడు గట్టయ్య.

విన్నారా ఆ మాట? నాకు తెలుసు, పలకకి తెలియదు అట. మట్టి ముద్దకి తెలియలేదని, ప్రాణం ఉన్నవాడు తనకి తెలిసిన దాన్ని మింగేశాడు. ఇంతకంటే సిగ్గులేని మాట నేను వినలేదు.

సూదమ్మ మంచిది. ఎదురు చెప్పలేదు. ఎండిన వాగులో చెలమ తోడి ఆ నీళ్ళలో పాదం నానబెట్టుకుంది. పిల్లలకి ఆ పూట చెట్టు బెరడు గీరి పెట్టింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

గట్టయ్య తడిమాడు. "కలవలేదు. ఇప్పగింజల నూనె రాసుకుని చూడు. మెత్తబడుతుంది" అన్నాడు.

సూదమ్మ కాళ్ళీడ్చుకుంటూ ఇప్పచెట్ల దాకా పోయింది. రాలిన గింజలు ఏరి, నలిపి, పాదాలకి రాసుకుంది. పగుళ్ళలోకి దిగి భగ్గున మండింది. పళ్ళు బిగబట్టుకుని రాసుకుంది. పిల్లల్లో చిన్నది అప్పటికే లేవడం మానేసింది. తల్లి ముళ్ళ చప్పుడు వింటే మాత్రం తల ఎత్తి చూసేది. సూదమ్మ దాన్ని పెద్ద పిల్లల మధ్య పడుకోబెట్టి మూడోసారి గుహకి వచ్చింది.

ఆ రోజు గుహ ముందు పెద్ద వరస ఉంది. సూదమ్మ వెనకే ఎలుగన్న, అతని వెనక కుందేలు, ఆ వెనక కోతి. సూదమ్మ వంతు వచ్చింది. నూనె రాసిన పాదం పలక మీద పెట్టింది.

"కలవలేదు" అన్నాడు గట్టయ్య.

సూదమ్మ పాదం తీయలేదు. "గట్టయ్య మామా, నా చిన్నపిల్ల లేవడం లేదు. నా గూట్లో గడ్డలన్నీ నేను తవ్వినవే. ఒక్క గడ్డ ఇవ్వు. మిగతావి తర్వాత చూసుకుందాం."

"ఒక్కటి ఇస్తే పద్ధతి ఏమవుతుందమ్మా? నేను గట్టిగా ఉండబట్టే కదా మీ సరుకులు నిలిచాయి."

లోపల్నుంచి నక్క తల బయటపెట్టింది. "నిజమే మరి. ఎవరో ఒకరు వచ్చి నేనే సూదమ్మనంటే ఇచ్చేస్తారా? ఏదుపందులన్నీ ఒకేలా ఉంటాయి" అంది. ఆ అడవిలో మరో ఏదుపంది లేదు. నక్కకి ఆ సంగతి తెలుసు.

సూదమ్మ ఎలుగన్న వైపు తిరిగింది. "ఎలుగన్నా, నీ గుట్ట పక్కనే నా బొరియ. రోజూ నన్ను చూస్తావు. నేను సూదమ్మనని ఒక్క మాట చెప్పు."

ఎలుగన్న గడ్డం కింద గోక్కున్నాడు. అతని గూట్లో ఎండిన ఇప్పపూలు నిండుగా ఉన్నాయి. మధ్యలో మాట్లాడితే గట్టయ్యకి కోపం వస్తుందేమో, తన వంతు వెనక్కి పోతుందేమో అనుకున్నాడు. "పద్ధతి పద్ధతే కదమ్మా. నేను చెప్తే ఏం బాగుంటుంది" అని నీళ్ళు నమిలాడు.

"కుందేలూ, నీ సరుకు పోయినరోజు నీకు గడ్డలు పెట్టింది నేనే కదా. నువ్వు చెప్పు" అంది సూదమ్మ.

"నేను చిన్నదాన్ని వదినా. నా మాట ఎవరు వింటారు?" అని కుందేలు చెవులు దించుకుంది.

సూదమ్మ కోతి వైపు చూసింది. కోతి అప్పటికే చెట్టెక్కి మొహం చాటేసింది.

సూదమ్మ ఇంకెవరినీ అడగలేదు. పలక మీంచి పాదం తీసుకుని వెనక్కి నడిచింది. వరస ముందుకు జరిగింది. ఆమె నిలబడ్డ చోట ఇంకొకరు వచ్చి నిలబడ్డారు.

బొరియకి వెళ్ళేసరికి చిన్నది ముళ్ళ చప్పుడు విన్నా తల ఎత్తలేదు.

మీకు అబద్ధం చెప్పను పిల్లలూ. ఆ పిల్ల చచ్చిపోయింది. దాని అమ్మ దానికోసం కాళ్ళు అరిగేలా తవ్వింది. ఆ తవ్విన తిండి కూతవేటు దూరంలో, చల్లటి గుహలో, ఒక్క గడ్డ కూడా కుళ్ళకుండా భద్రంగా ఉంది. ఆకలితో ఆ పిల్ల చచ్చిపోయింది. అమావాస్య రాగానే నక్క ఆ గడ్డల్ని దిక్కులేని సరుకు కింద లెక్కగట్టి తినడం మొదలుపెట్టింది.

సూదమ్మ మిగిలిన ఇద్దరు పిల్లల్నీ బెరడు పెట్టి, వేరు పెట్టి, ఎలాగో బతికించుకుంది. ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. ఎలుగన్న ఎదురైతే దారి మార్చుకునేది. అతనూ మార్చుకునేవాడు.

కొన్నాళ్ళకి వడగాలి లేచింది. ఎండిన వెదుళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుని నిప్పు పుట్టింది. పట్టపగలు అడవి అంటుకుంది. జంతువులన్నీ పరుగు తీశాయి. ముందు మంట, వెనక మంట, కింద వేడి బూడిద. కాలే నేల మీద పరిగెత్తి పరిగెత్తి చివరికి గుహ ముందున్న బండల దగ్గరికి చేరాయి. రాయి కాబట్టి నిప్పు అక్కడికి రాలేదు. ప్రాణాలు దక్కాయి. కానీ అడవిలో ఒక్క పచ్చటాకు మిగల్లేదు. తినడానికి ఉన్నదల్లా గుహలోనే.

సూదమ్మ బొరియ ఆ బండల పక్కనే. ఆమె పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి ఒక వారగా నిలబడింది.

ఎలుగన్న కుంటుకుంటూ గుహ దగ్గరికి వచ్చాడు. "గట్టయ్యా, జరుగు. ఆకలి చంపేస్తోంది."

"పాదం పెట్టు ఎలుగన్నా" అన్నాడు గట్టయ్య. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఎలుగన్న పాదం పెట్టాడు. పాదమంతా బొబ్బలు. సగం చోట్ల తోలు ఊడిపోయింది. గట్టయ్య తడిమాడు.

"ముద్ర కలవలేదు."

"కాలింది గట్టయ్యా. చూస్తే తెలియడం లేదా? నేను ఎలుగుని. ఈ అడవిలో ఇంకో ఎలుగుబంటి ఉందా?"

"లేదు. నువ్వు ఎలుగన్నవేనని నాకు తెలుసు. కానీ పలకకి తెలియాలి కదా."

కుందేలు వచ్చింది. కలవలేదు. కోతి వచ్చింది. కలవలేదు. జింక, అడవిపంది, ముంగిస, ఒకరి తర్వాత ఒకరు వచ్చి కాలిన పాదాలు ఆ గరుకు పలక మీద పెట్టి మూలిగారు. ఒక్కరిదీ కలవలేదు.

అప్పుడు నక్క లోపల్నుంచి బయటికి వచ్చింది. నిప్పు రేగినప్పుడు అది గుహలో పడుకుని ఉంది. బద్ధకంగా ఒళ్ళు విరుచుకుని తన పాదం పలక మీద పెట్టింది. మెత్తగా, నున్నగా ఉన్న పాదం ముద్రలో అతికినట్టు కూర్చుంది.

"కలిసింది. చూశారా? పలక బాగానే పని చేస్తోంది. తప్పు మీ పాదాల్లోనే ఉంది" అన్నాడు గట్టయ్య.

నా ఒళ్ళు మండేది ఇక్కడే. తవ్విన వాళ్ళ పాదం కలవలేదు. మోసిన వాళ్ళ పాదం కలవలేదు. పరిగెత్తి ప్రాణం దక్కించుకున్న వాళ్ళ పాదం కలవలేదు. నీడలో పడుకుని పక్కవాళ్ళ తిండి తిన్నదాని పాదం కలిసింది.

"అమావాస్య దగ్గరపడుతోంది. ఎవరి గూళ్ళు ఎవరూ ముట్టుకున్నట్టు లేరు" అని నక్క మూతి తుడుచుకుంటూ లోపలికి పోయింది.

జంతువులకి అప్పుడు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అరిచాయి. బతిమాలాయి. ఎలుగన్న గట్టయ్యని పట్టుకుని లాగాడు. గట్టయ్య రాతికి అతుక్కుపోయాడు, ఇంచుక కూడా కదల్లేదు. కాలిన చేతులతో ఎలుగన్న ఎంత లాగగలడు? అలసిపోయి కూలబడ్డాడు. చుట్టూ చూశాడు. సూదమ్మ కనిపించింది.

"సూదమ్మా, నువ్వైనా చెప్పమ్మా వీడికి. నేను ఎలుగునని చెప్పు" అన్నాడు.

"వదినా, నేను కుందేలునని చెప్పవా?" అంది కుందేలు.

అందరూ సూదమ్మ వైపే చూశారు. అడవిలో మంటల చిటపటలు వినిపిస్తున్నాయి. ఆమె పెద్దపిల్ల తల్లి పక్కకి ఒదిగి నిలబడింది.

మీరైతే ఏం చేసేవాళ్ళు? నిజం చెప్పండి. నాకైతే 'ముద్ర కలవలేదు' అని చెప్పి మొహం తిప్పుకోవాలనిపించేది. ఆమెకీ అలాగే అనిపించింది. గొంతు దాకా వచ్చింది ఆ మాట.

కానీ కుందేలు కడుపుతో ఉంది. జింక పక్కన పాలు తాగే పిల్ల నిలబడలేక తూలుతోంది. సూదమ్మ దాన్ని చూసింది. చూసి ముందుకి నడిచింది.

"చెప్తాను. నా పిల్ల చచ్చిపోయే రోజు మీరెవరూ నాకోసం చెప్పని మాట, నేను మీకోసం చెప్తాను. సిగ్గుంటే తలలు దించుకుని వినండి" అంది.



సూదమ్మ గట్టయ్య ఎదురుగా నిలబడింది. "ఇతను ఎలుగన్న. నా బొరియ పక్క గుట్టలో ఉంటాడు. పిరికివాడు, కానీ ఎలుగన్నే. ఇది కుందేలు. నేను పెట్టిన గడ్డలు తిని కూడా నాకోసం చెప్పనంది, కానీ కుందేలే. అది కోతి, మొహం చాటేసిన కోతి. ఇది జింక, అది దాని పిల్ల. నేను సూదమ్మని. ఇప్పుడు కళ్ళు తెరువు గట్టయ్యా."

ఇంతకు ముందు మామా అనేది. ఇప్పుడు అనలేదు.

"కళ్ళతో నాకేం పనమ్మా. పద్ధతి ప్రకారం పాదం..." అన్నాడు గట్టయ్య.

"కళ్ళు తెరువు."

"పలక..."

సూదమ్మ వెనక్కి తిరిగింది. ఏదుపంది వెనక్కి తిరిగిందంటే దణ్ణం పెట్టి వెళ్ళిపోతోందని కాదు పిల్లలూ. ఒంటి మీద ముళ్ళన్నీ నిక్కపొడిచాయి. గలగలమని మోత. ఆమె వెనక్కి ఒక్కో అడుగూ వేసుకుంటూ గట్టయ్య మీదికి వచ్చింది. మొదటి ముల్లు అతని మెడ దగ్గర దిగింది. రెండోది భుజంలో దిగింది. గట్టయ్య కళ్ళు తెరిచాడు. పుట్టాక మొదటిసారి రాతిని వదిలేశాడు. ఎగిరి పక్కకి దొర్లాడు.

కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా కాలిన పాదాలు, ఎండిన మూతులు, ఏడుస్తున్న పిల్లలు. అంతమంది ఇన్నాళ్ళూ తన ముందు నిలబడి వెళ్ళారు. గట్టయ్య మొహం మొహంగా లేదు.

జంతువులన్నీ లోపలికి వెళ్ళాయి. ఎవరి గూళ్ళు వాళ్ళకి ఉన్నాయి. సూదమ్మ గూటిలో మాత్రం గడ్డల తొక్కలు, మట్టి, నక్క బొచ్చు ఉన్నాయి. ఆ తొక్కల కింద కోతి పోగొట్టుకున్న గచ్చకాయ దొరికింది. పాత దొంగతనాలు కూడా ఎవరివో అప్పుడు అందరికీ అర్థమైంది. నక్క గోడ వెంట జారుకోబోయింది. ఎలుగన్న మెడ పట్టి బయటికి విసిరాడు. అది వేడి బూడిద మీద పడింది. నున్నటి పాదాలతో ఆ నిప్పుల నేల మీద కుయ్యో మొర్రో అంటూ పరిగెత్తి పోయింది. మళ్ళీ ఆ అడవికి రాలేదు. దానికి కాలిందని నాకు ఏ మాత్రం జాలి లేదు.

"ఈ పలకని పగలగొట్టేద్దాం. కాపలా కూడా వద్దు" అంది కోతి.

"కాపలా తీసేస్తే రేపు ఇంకో నక్క వస్తుంది" అంది సూదమ్మ. "పలక ఉండనివ్వండి. పాదం కలిస్తే దారి ఇవ్వాలి, అది నిజంగా ఆ పాదమేనా అని మొహం చూసి మరీ ఇవ్వాలి. కలవకపోతే ఆ జంతువుని ఎరిగినవాళ్ళు ఇద్దరు వచ్చి చెప్పాలి, అప్పుడు కూడా దారి ఇవ్వాలి. ఎవరినీ ఉత్తచేతులతో పంపకూడదు. బతికున్నవాళ్ళ సరుకు దిక్కులేనిదని ఎవరూ అనకూడదు. గట్టయ్య కాపలా కాయొచ్చు. కళ్ళు మూసుకుని మాత్రం కాదు."

ఈసారి అందరూ ఆలోచించి తలలు ఊపారు.

ఎలుగన్న తన గూటిలోంచి దోసిలి నిండా ఇప్పపూలు తెచ్చి సూదమ్మ ముందు పోశాడు. కుందేలు రేగువడియాల్లా ఎండిన పళ్ళు తెచ్చింది. సూదమ్మ పిల్లలిద్దరూ ఆత్రంగా తిన్నారు. సూదమ్మ ముట్టుకోలేదు.

"నువ్వు కూడా తినమ్మా. నా దాంట్లో సగం నీదే ఇకనుంచి" అన్నాడు ఎలుగన్న.

సూదమ్మ అతని మొహంలోకి చూసింది. "ఎలుగన్నా, నేను ఆ రోజు నీ పూలు అడగలేదు. నా తిండి నాకే ఉంది. 'ఈమె సూదమ్మే' అని ఒక్క మాట అడిగాను. నీకు ఖర్చయ్యేది అంతే. ఆ మాట ఇచ్చి ఉంటే ఇవాళ ఇక్కడ ముగ్గురు పిల్లలు తింటూ ఉండేవాళ్ళు."



నీతి: గుర్తు కలవలేదని ఎదురుగా నిలబడ్డవాళ్ళని కాదనకూడదు, వరసలో పక్కవాళ్ళని అన్యాయంగా వెనక్కి పంపుతుంటే, ఆ కష్టం మన దాకా వచ్చేవరకూ ఆగకుండా అప్పుడే నోరు విప్పి చెప్పాలి.